కాగిన నూనెకు మరో కొలువు

పండగనాడు గారెలూ బూరెలూ వండాక బాండీలో మిగిలిన నూనె గురించి మన ఇళ్లలో పెద్దగా ఆలోచించరు. చల్లారాక వడగట్టి డబ్బాలో పోసి, మర్నాటి నుంచి కూరల్లోకీ తాలింపుల్లోకీ వాడేస్తారు. హోటళ్లలో పొద్దుట నుంచీ కాగుతున్న నూనెలోనే కొత్త నూనె కలుపుతూ పోతారు. అది మరీ నల్లబడితే తక్కువ ధరకు ఏ బజ్జీల బండికో చేరుతుంది, లేదా మురుగు కాలువలో కలుస్తుంది. మళ్లీ వండితే ఒంటికి చేటు, అమ్మితే ఇంకొకరి ఒంటికి చేటు, పారబోస్తే ఊరికి చేటు. ఈ మూడూ కాక నాలుగో దారి ఒకటుంది. ఆ నూనెను డీజిల్ ఇంజన్‌లో మండే ఇంధనంగా, అంటే బయోడీజిల్‌గా మార్చవచ్చు. ఆ మార్పుకు కావలసిన ఉత్ప్రేరకాన్ని గుడ్డు పెంకుల నుంచి, అరటి తొక్కల బూడిద నుంచి, గుల్ల సున్నం నుంచి తయారు చేసుకోవచ్చు. ఈ అధ్యాయంలో నిరూపించదలచిన విషయం ఒక్కటే: ఈ పనికి సరైన చోటు ఇంటి పెరడు కాదు, ప్రయోగశాలా పెద్ద వంటశాలా ఒకే ఆవరణలో ఉన్న కళాశాల లాంటి చోటు. ఉత్ప్రేరకం ఎంత సహజమైనదైనా, ఫలితాన్ని తేల్చేది మన కొలతే.

నూనె ఎందుకు పాడవుతుంది

170 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ వేడి మీద ఉన్న నూనెలో తడి పిండి పడగానే మూడు మార్పులు ఒకేసారి మొదలవుతాయి. పిండిలోని నీరు నూనె అణువులను విడగొట్టి కొవ్వు ఆమ్లాలను బయటికి తెస్తుంది. గాలిలోని ఆక్సిజన్ నూనెతో కలిసి చెడు వాసనకూ చేదుకూ కారణమయ్యే పదార్థాలను పుట్టిస్తుంది. వేడికి కొన్ని అణువులు ఒకదానికొకటి అతుక్కుని నూనెను చిక్కబరుస్తాయి. బాండీ అంచున ఎంత తోమినా వదలని జిగట పొర ఆ అతుకుల ఫలితమే. ఇలా పుట్టిన పదార్థాల మొత్తాన్ని చెప్పే కొలమానం టోటల్ పోలార్ కాంపౌండ్స్, పొట్టిగా టీపీసీ. ఇది 25 శాతం దాటిన నూనె వంటకు పనికిరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ, అంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ, 2018 జులై 1 నుంచి నిబంధన అమల్లోకి తెచ్చింది. అదే ఏడాది ఆగస్టు 10న, ప్రపంచ జీవ ఇంధన దినం నాడు, వాడిన నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే రూకో కార్యక్రమాన్ని ప్రారంభించింది. వేపుళ్లకు రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే ఆహార వ్యాపారులు దాని లెక్కలు రాసి ఉంచాలని, వాడిన నూనెను గుర్తింపు పొందిన సేకరణ సంస్థలకే ఇవ్వాలని 2019 మార్చి 1 నుంచి నియమం వచ్చింది.

నిబంధన ఉంటే సరిపోదా అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. సరిపోదు. నల్లబడ్డ నూనెకు కూడా బజారులో ధర ఉంది. ధర ఉన్న వస్తువును పారబొయ్యమంటే ఎవరూ పారబొయ్యరు, ఎక్కువ ఇచ్చే చోటికి పంపుతారు. రోజుకు 50 లీటర్ల లోపు వాడే చిన్న హోటళ్లూ కర్రీ పాయింట్లూ టిఫిన్ బండ్లూ మన వీధుల్లో ఎన్నో ఉన్నాయి. వాటన్నిటి బాండీల దగ్గరా తనిఖీ అధికారి నిలబడలేడు. కాబట్టి పాడైన నూనె కంచంలోకి తిరిగి రాకుండా ఆపాలంటే, దానికి కంచం కన్నా మంచి గిరాకీ మరోచోట పుట్టాలి. బయోడీజిల్ ప్రాధాన్యం ఇక్కడుంది. దాన్ని డీజిల్ కొరతకు మందుగా చూసేవారు ఎప్పుడూ నిరాశపడతారు. పాడైన నూనెను తిండి దారి నుంచి శాశ్వతంగా తప్పించే ఉపాయంగా చూస్తే దాని విలువ సరిగ్గా తెలుస్తుంది.

గుడ్డు పెంకు చేసే పని

వాడిన నూనెను నేరుగా ఇంజన్‌లో పోస్తే ఏమవుతుంది? 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపారు. ఆ సంగతి ఇంజన్ రూపకర్త రుడాల్ఫ్ డీజిల్ స్వయంగా రాశాడు. ఇంజన్ నూనెతో కూడా తిరుగుతుందన్నది నిజమే. కానీ నూనె చాలా చిక్కన. 40 డిగ్రీల దగ్గర వంటనూనెల చిక్కదనం 30 నుంచి 40 సెంటీస్టోక్సు ఉంటే, డీజిల్‌ది 2 నుంచి 4.5 మధ్య ఉంటుంది. అంత చిక్కటి ద్రవాన్ని నేటి ఇంజన్ల సన్నని నాజిల్ సరైన తుంపరగా చిమ్మలేదు. సగం మండిన నూనె మసిగా, జిగటగా పేరుకుపోయి కొంతకాలానికి ఇంజన్‌ను పాడు చేస్తుంది. ఈ చిక్కదనానికి కారణం నూనె అణువు నిర్మాణం. మూడు పొడవైన కొవ్వు ఆమ్లాలు ఒక గ్లిజరిన్ వెన్నెముకకు అతుక్కుని ఉంటాయి. మెథనాల్ కలిపి ఆ మూడింటినీ వెన్నెముక నుంచి విడదీస్తే, ఒక పెద్ద అణువు స్థానంలో మూడు చిన్న ఎస్టర్ అణువులు వస్తాయి. అప్పుడు చిక్కదనం 4, 5 సెంటీస్టోక్సులకు దిగి డీజిల్ దరిదాపులకు వస్తుంది. 100 కిలోల నూనెకు సుమారు 11 కిలోల మెథనాల్ ఖర్చై, దాదాపు 100 కిలోల బయోడీజిల్, 10 కిలోలకు పైగా గ్లిజరిన్ తయారవుతాయి. ఆల్కహాల్‌తో పామాయిల్‌ను ఇలా ఎస్టర్‌గా మార్చి ఇంధనంగా వాడే పద్ధతికి 1937లోనే బెల్జియంలో శవాన్ అనే శాస్త్రవేత్త పేటెంట్ పొందాడు.

మెథనాల్, నూనె ఒకదానిలో ఒకటి సరిగ్గా కలవవు. కలిపి ఉంచినంత మాత్రాన రోజులు గడిచినా చెప్పుకోదగ్గ మార్పు జరగదు. మార్పు జరగాలంటే క్షార గుణం ఉన్న ఉత్ప్రేరకం కావాలి. సాధారణంగా వాడేది కాస్టిక్ సోడా. అది చవక, చురుకైనది, గంటలో పని పూర్తి చేస్తుంది. కానీ అది మెథనాల్‌లో కరిగిపోతుంది కనక తిరిగి చేతికి రాదు. నూనెలో విడిపడి ఉన్న కొవ్వు ఆమ్లాలతో కలిసి సబ్బుగా మారుతుంది. ఆ సబ్బును కడగడానికి చాలా నీళ్లు పోయాలి. చివరికి మిగిలేది క్షారం కలిసిన మురికి నీరు. ఇంధనం శుభ్రమైనదని చెప్పుకుంటూ ఆ నీటిని కాలువలోకి వదిలితే చేసిన మేలు సగం పోయినట్టే.

కరగని ఉత్ప్రేరకం దొరికితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. అలాంటిదే కాల్షియం ఆక్సైడ్, మన ఊళ్లలో నీళ్లు చల్లని సున్నం. కోడిగుడ్డు పెంకులో 94 శాతం దాకా కాల్షియం కార్బొనేట్ ఉంటుంది. దాన్ని 900 డిగ్రీల దగ్గర కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. 100 గ్రాముల శుద్ధ కార్బొనేట్ 56 గ్రాముల ఆక్సైడ్ ఇస్తుంది. ఇలా కాల్చిన పెంకుల పొడిని సోయా నూనె మీద పరీక్షించి చైనా పరిశోధకులు 2009లో ప్రచురించిన ఫలితాల్లో, 65 డిగ్రీల వేడిలో మూడు గంటల్లో 95 శాతానికి మించి బయోడీజిల్ వచ్చింది. అదే పొడి పదమూడు సార్లు వాడినా చురుకు తగ్గినట్టు కనిపించలేదు. వాళ్లు వాడిన పొడి నూనె బరువులో 3 శాతం. ఆ లెక్కన ఒక లీటరు నూనెకు సుమారు 28 గ్రాముల ఆక్సైడ్ కావాలి. అంటే 50 గ్రాములకు కొంచెం పైన పెంకులు, దాదాపు పది గుడ్లవి. నత్తగుల్లలు, ఆల్చిప్పలు, పీత పెంకులు కాల్చినా ఇదే ఆక్సైడ్ వస్తుంది. ఇళ్లు కట్టడానికీ తాంబూలానికీ గుల్ల సున్నం కాల్చి వాడిన తీరప్రాంతం వారికి ఈ విద్య పరాయిది కాదు.

అరటిది ఇంకో దారి. అరటి తొక్క, దవ్వ, ఎండిన ఆకులు కాల్చిన బూడిదలో పొటాషియం కార్బొనేట్ దండిగా ఉంటుంది. అస్సాంలో ఆ బూడిదను నీళ్లలో నానబెట్టి వడకట్టిన క్షారాన్ని కొలాఖార్ పేరుతో వంటలో వాడతారు. అక్కడి పరిశోధకులు అరటి దుంప బూడిదతో పచ్చగన్నేరు గింజల నూనెను బయోడీజిల్‌గా మార్చి చూపారు. రావులపాలెం లాంటి అరటి మార్కెట్లున్న మన డెల్టాలో ఈ ముడిసరుకుకు కొదవ లేదు. అయితే పొటాషియం లవణాలు సులువుగా కరిగిపోతాయి. కాబట్టి బూడిద ఉత్ప్రేరకం సున్నంలా పదే పదే పనికిరాదు, ప్రతిసారీ కొత్తది కావాలి. మరో సహజ ఉత్ప్రేరకం లైపేజ్ అనే ఎంజైమ్. అది 40 డిగ్రీల లోపు వేడిలోనే పని చేస్తుంది, కొవ్వు ఆమ్లాలు ఎక్కువున్న నూనెను కూడా ఎస్టర్‌గా మారుస్తుంది. కానీ ఖరీదెక్కువ, పని నెమ్మది. ఈ మూడింటిలో చిన్న స్థాయికి అన్ని విధాలా అనువైనది గుడ్డు పెంకే.

చేసే తీరు, కొలిచే తీరు

పని నూనెతో మొదలవుతుంది. గుడ్డలో వడగట్టి, పిండి నలకలు దిగేదాకా ఒక రోజు కదపకుండా ఉంచాలి. తర్వాత 105 నుంచి 110 డిగ్రీల వరకు నెమ్మదిగా వేడి చేసి, బుడగలు పూర్తిగా ఆగేదాకా తేమ పోగొట్టాలి. అడుగున నీరు చేరిన నూనెను ఒక్కసారిగా వేడి చేస్తే పొంగి చిమ్ముతుంది కాబట్టి తొందర కూడదు. నూనెలో మిగిలిన నీరు సున్నాన్ని తడి సున్నంగా మార్చి దాని చురుకు చంపుతుంది, ఎస్టర్‌ను తిరిగి ఆమ్లంగా విడగొడుతుంది. పెంకుల పని కూడా ఇలాంటి శ్రద్ధనే అడుగుతుంది. లోపలి పొర తీసి, కడిగి, ఎండబెట్టి, పొడి చేసి, మఫిల్ ఫర్నేస్‌లో 900 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు కాల్చాలి. కట్టెల పొయ్యి వేడి దీనికి చాలదు, పైకి తెల్లబడినా లోపల కార్బొనేట్ అలాగే ఉంటుంది. కాల్చిన పొడి గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుని మళ్లీ నిస్తేజమవుతుంది. అందుకే చల్లారుతుండగానే గాలి చొరని సీసాలో పెట్టాలి. బజారులో తెరిచి పెట్టిన సున్నంతో ప్రయత్నించి విఫలమైన వారు సహజ ఉత్ప్రేరకాన్ని తప్పుపడతారు. నిజానికి వారు వాడినది అప్పటికే చురుకు పోయిన సున్నం.

మొత్తం పనిలో కీలకమైన కొలత నూనెలోని ఆమ్లానిది. ఒక మిల్లీలీటరు నూనెను పది మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కరిగించి, లీటరు నీటికి ఒక గ్రాము కాస్టిక్ సోడా కలిపిన ద్రావణాన్ని చుక్కచుక్కగా వేస్తూ, రంగు మారే చోట ఆపాలి. రంగు చూపడానికి ఫినాల్ఫ్తలీన్ వాడతారు. ఆల్కహాల్‌లో నానబెట్టిన పసుపు కూడా పనికొస్తుంది. పసుపులో సున్నం కలిస్తే ఎర్రటి పారాణి అయ్యే గుణమే ఇక్కడ క్షారాన్ని పట్టిస్తుంది. నూనె మరీ నల్లగా ఉంటే పసుపు రంగు మార్పు సరిగ్గా కనపడదు, అప్పుడు ఫినాల్ఫ్తలీనే నయం. నూనె వేయకుండా ఆల్కహాల్‌కు మాత్రమే ఎంత ద్రావణం పట్టిందో ముందుగా చూసి, ఆ అంకెను తీసివేయాలి. మిగిలిన ప్రతి మిల్లీలీటరు ద్రావణం నూనెలో సుమారు ముప్పాతిక శాతం విడి కొవ్వు ఆమ్లాన్ని చూపుతుంది. ఆ ఆమ్లం ఒక శాతం లోపు ఉంటే సున్నంతో నేరుగా పని చేయవచ్చు. రెండు శాతం దాటితే సున్నం కొవ్వు ఆమ్లాలతో కలిసి కాల్షియం సబ్బుగా గడ్డకడుతుంది. అలాంటి నూనెకు ముందుగా సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఇంకో దశ నడపాలి. ఆ వసతి లేని చోట దాన్ని సేకరణ సంస్థకు ఇచ్చేయడమే తెలివైన పని. ఈ పది నిమిషాల పరీక్ష చేయకుండా మొదలుపెట్టిన బ్యాచ్ పాడవుతుందో లేదో అదృష్టం మీద ఆధారపడుతుంది, చేసినవారి నేర్పు మీద కాదు.

సున్నం పొడిని ముందు మెథనాల్‌తో కలిపి, తర్వాత నూనె చేర్చి, 60 నుంచి 65 డిగ్రీల మధ్య మూడు గంటలు ఆపకుండా కలియబెట్టాలి. ఒక మోల్ నూనెకు తొమ్మిది మోల్‌ల మెథనాల్ లెక్కన, లీటరు నూనెకు సుమారు 380 మిల్లీలీటర్లు పడుతుంది. చర్యలో నిజంగా ఖర్చయ్యేది అందులో మూడో వంతే. మిగతాది చర్యను ముందుకు నెట్టడానికి పనికొస్తుంది, ఆ తర్వాత బట్టీ పట్టి తిరిగి రాబట్టుకోవాలి. మెథనాల్ 64.7 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి ఆవిరిని చల్లబరిచి వెనక్కి పంపే కండెన్సర్ తప్పనిసరి. చర్య ముగిశాక కదపకుండా ఉంచితే పైన బయోడీజిల్, మధ్యన గ్లిజరిన్, అడుగున సున్నం పొడి మూడు పొరలుగా విడిపోతాయి. మార్పు పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. 20 డిగ్రీలకు కొంచెం పైన ఉన్న 27 మిల్లీలీటర్ల మెథనాల్‌లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ కలిపి చూడాలి. మారని నూనె మెథనాల్‌లో కరగదు కనక అడుగున బొట్లుగా దిగుతుంది. ద్రవం తేటగా ఉంటే పని జరిగినట్టు.

ఇంత చేసినా కొంత కాల్షియం ఇంధనంలోకి చేరుతుంది. సున్నం కరగదన్నది పూర్తి నిజం కాదు, గ్లిజరిన్‌తో కలిసి కొద్దిగా కరుగుతుంది. బయోడీజిల్‌కు భారత ప్రమాణమైన ఐఎస్ 15607 కాల్షియం, మెగ్నీషియం రెండూ కలిపి కిలోకు 5 మిల్లీగ్రాములు మించకూడదంటుంది. ఆమ్ల విలువ 0.50 లోపు, ఎస్టర్ శాతం కనీసం 96.5 ఉండాలంటుంది. అందుకని అయాన్ మార్పిడి రెజిన్ గుండా పంపడమో, కొద్ది నీటితో కడిగి ఆరబెట్టడమో తప్పదు. సహజ ఉత్ప్రేరకం వాడితే కడగనే అక్కర్లేదని చెప్పేవారి మాట నమ్మితే నష్టపోయేది ఇంజన్.

అభ్యంతరాలకు జవాబులు

మొదటి అభ్యంతరం జట్రోఫా అనుభవం నుంచి వస్తుంది. 2000 తర్వాతి దశకంలో జట్రోఫా, కానుగ తోటల మీద దేశమంతా ఎన్నో ఆశలు పెట్టుకుంది. 2009 జాతీయ జీవ ఇంధన విధానం 2017 నాటికి 20 శాతం మిశ్రమాన్ని లక్ష్యంగా పెట్టింది. అది దరిదాపులకు కూడా చేరలేదు. 2018 విధానం బయోడీజిల్ లక్ష్యాన్ని 2030 నాటికి 5 శాతానికి తగ్గించింది. మళ్లీ బయోడీజిల్ మాట నమ్మడం ఎందుకని అడగడం న్యాయమే. కానీ ఆ ప్రయత్నం నేల దగ్గర, నీటి దగ్గర, దిగుబడి దగ్గర ఓడింది. మొక్క పెరగాలి, కాయాలి, గింజ కొనేవాడు రావాలి. వాడిన నూనెకు ఎకరం నేల అక్కర్లేదు. ఆ నూనె పండించిన ఖర్చు, దిగుమతి చేసుకున్న ఖర్చు వంటింట్లోనే చెల్లిపోయాయి. వంటనూనె అవసరంలో సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశంలో, ఆ నూనెతో ఇంకో పని కూడా చేయించుకోవడం పొదుపు లెక్క.

రెండో అభ్యంతరం పరిమాణం గురించి. రూకో మొదలైనప్పుడు ఎఫ్ఎస్ఎస్ఏఐ ఏడాదికి 220 కోట్ల లీటర్ల వాడిన నూనె సేకరించవచ్చని అంచనా వేసింది. దేశం ఏటా వాడే డీజిల్ 9 కోట్ల టన్నుల దాకా ఉంటుంది, లీటర్లలో పది వేల కోట్లకు పైనే. మొత్తం నూనె చేతికొచ్చినా డీజిల్‌లో దాని వాటా రెండు శాతం. ఈ లెక్క నిజమే, దాన్ని దాచకూడదు. దేశం డీజిల్ అవసరాన్ని ఈ నూనె తీర్చదు. కానీ ఆ 220 కోట్ల లీటర్లను డీజిల్ పక్కన కాకుండా తిండి పక్కన పెట్టి చూడాలి. అంత పాడైన నూనె మనుషుల ఒంట్లోకి పోకుండా ఆగితే, అందులోంచి వచ్చే ఇంధనం అదనపు లాభం.

మూడో అభ్యంతరం పర్యావరణం వైపు నుంచి. పెంకులు కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ రాదా? వస్తుంది. లీటరు నూనెకు సరిపడా పెంకుల నుంచి 22 గ్రాముల దాకా. లీటరు డీజిల్ మండితే వచ్చేది 2.6 కిలోలకు పైనే. పెంకుల నుంచి వచ్చేదాని కంటే ఫర్నేస్ కరెంటు పెద్ద లెక్క. అందుకే నాలుగు చెంచాల పొడి కోసం ఫర్నేస్ వెలిగించకూడదు, ఫర్నేస్ నిండా పెంకులు పెట్టి ఒకేసారి కాల్చుకోవాలి, పొడిని వీలైనన్ని సార్లు తిరిగి వాడాలి. మెథనాల్ ఎక్కువగా సహజ వాయువు నుంచీ బొగ్గు నుంచీ తయారవుతుంది కనక బయోడీజిల్ నూరు శాతం జీవ ఇంధనం కాదన్నది కూడా నిజమే. ఎస్టర్‌లోని 19 కార్బన్ పరమాణువుల్లో ఒకటి మెథనాల్‌ది, 18 నూనెవి. పొగ విషయంలో అమెరికా పర్యావరణ సంస్థ 2002లో విశ్లేషించిన ఫలితాలు ఉన్నాయి. డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలిపితే పొగలోని సూక్ష్మ ధూళి 10 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 11 శాతం తగ్గాయి. నైట్రోజన్ ఆక్సైడ్‌లు మాత్రం 2 శాతం పెరిగాయి. లాభం స్పష్టంగా ఉంది, దానితో పాటు చిన్న నష్టమూ ఉంది.

నాలుగోది ప్రమాదం గురించి, అన్నిటిలోకీ బలమైనది కూడా ఇదే. మెథనాల్ విషం. పది మిల్లీలీటర్లు లోపలికి పోయినా చూపు పోవచ్చు. చర్మం గుండా, ఆవిరి ద్వారా కూడా ఒంట్లోకి చేరుతుంది. గది వేడిలోనే అంటుకునే ఆవిరి ఇస్తుంది, పగటి వెలుగులో దాని మంట సరిగ్గా కనపడదు. దాని కొనుగోలు, నిల్వ విష పదార్థాల నిబంధనల కిందికి వస్తాయి. కాబట్టి గ్యాస్ పొయ్యి ఉన్న వంటింట్లో, పిల్లలు తిరిగే పెరట్లో ఈ పని చేయకూడదు. వీడియోల్లో కనిపించే సీసా ప్రయోగాలు చూసి ఇంట్లో మొదలుపెట్టడం ధైర్యం అనిపించుకోదు. గాలి లాగే హుడ్, మంటలేని హీటరు, చేతి తొడుగులు, కళ్లద్దాలు, శిక్షణ ఉన్న మనిషి పక్కన ఉన్న చోటే దీనికి తగినది. గ్లిజరిన్‌లో కూడా మెథనాల్ మిగిలి ఉంటుంది, దాన్ని తీయకుండా సబ్బుకు గానీ ఎరువుకు గానీ వాడకూడదు.

ఇంజన్ దెబ్బతింటుందేమోనన్న భయానికీ ఆధారం ఉంది. బయోడీజిల్ పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, ట్యాంకులో పేరుకున్న మడ్డిని కదిలించి ఫిల్టరును మూస్తుంది, లీటరుకు డీజిల్ కన్నా కొంత తక్కువ శక్తి ఇస్తుంది. మన హోటళ్లలో ఎక్కువగా వాడేది పామోలిన్. దాని బయోడీజిల్ 15 డిగ్రీల దరిదాపుల్లోనే మబ్బుపట్టడం మొదలుపెడుతుంది. కాబట్టి కోస్తాలో ఇబ్బంది లేకపోయినా ఆదిలాబాద్, అరకు శీతాకాలంలో చిక్కబడుతుంది. 20 శాతం మించకుండా కలిపి, గొట్టాలు మార్చి, మొదటి నెలల్లో ఫిల్టరు తరచూ చూసుకుంటూ, ఒకచోట నిలబెట్టి నడిపే జనరేటర్‌లో వాడితే ఈ చిక్కులు అదుపులో ఉంటాయి. వారంటీ ఉన్న కొత్త వాహనంలో సొంతంగా చేసిన ఇంధనం పోయడం తగదు. అమ్మకం సంగతి వేరు. కేంద్ర పెట్రోలియం శాఖ 2019 ఏప్రిల్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నమోదూ ప్రమాణ పరీక్షా లేకుండా బయోడీజిల్ అమ్మకూడదు.

ఎవరు ఎక్కడ మొదలుపెట్టాలి

ఈ షరతులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, వాటిని తీర్చగల చోటు మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా కనిపిస్తుంది. హాస్టల్ ఉన్న ఇంజనీరింగ్ కళాశాల, వ్యవసాయ కళాశాల, విశ్వవిద్యాలయం. అక్కడి మెస్‌లో వాడిన నూనె ఉంది, రోజూ బుట్టల కొద్దీ గుడ్డు పెంకులున్నాయి. అదే ఆవరణలోని ప్రయోగశాలలో మఫిల్ ఫర్నేస్, కండెన్సర్, హుడ్, బ్యూరెట్ ఉన్నాయి. కరెంటు పోతే నడిచే డీజిల్ జనరేటర్ ఉంది. ఆమ్లం కొలిచే పరీక్ష తెలిసిన అధ్యాపకులున్నారు. అనంతపురంలో నూనెల సాంకేతికత కోసమే ఏర్పడ్డ జేఎన్‌టీయూ సంస్థ, హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ లాంటి పరిశోధన కేంద్రాలు తెలుగు నేల మీదే ఉన్నాయి. ఇంధన నాణ్యత పరీక్షలకూ సలహాకూ ఇలాంటి చోట్లను అడగవచ్చు. విడివిడిగా చెత్తబుట్టకు పోతున్న నూనె, పెంకులు, వాడకం లేక పడి ఉండే పరికరాలు ఒకే పనిలో కలుస్తాయి. గుడ్డు పెంకు ఉత్ప్రేరకానికి ఉన్న బలహీనతలు, అంటే నెమ్మదితనం, కొద్దిపాటి కరుగుదల, పెద్ద కర్మాగారానికి భారం. వారానికి పది ఇరవై లీటర్ల నూనె మార్చే కళాశాలకు మూడు గంటల ఆలస్యం ఒక లెక్క కాదు. చవకగా, చేతికందేలా, మళ్లీ మళ్లీ వాడుకునేలా ఉండడమే అక్కడ ముఖ్యం.

అధ్యాపకులు, విద్యార్థులు ఈ పని తలపెడితే మొదటి నెలంతా ఒక్క చుక్క ఇంధనం కూడా చేయకుండా నూనెను కొలవడానికే కేటాయించాలి. ప్రతి వారం మెస్ నూనె ఎంత మిగిలింది, దాని ఆమ్లం ఎంత, ఏ వంటకం తర్వాత ఎక్కువ పాడవుతోంది అన్నది పుస్తకంలో రాయాలి. ఈ లెక్క రాస్తే చాలాచోట్ల నూనె ఇంకా ముందే మార్చాలని వంటవారికే తెలుస్తుంది. రెండో నెలలో వంద మిల్లీలీటర్ల బ్యాచ్‌లు, ఫలితం నిలకడగా వచ్చాకే లీటర్లు. జనరేటర్‌లో పోసే ముందు ఒక నమూనాను ప్రమాణ పరీక్షకు పంపాలి. వచ్చిన ప్రతి ఫలితాన్నీ, విఫలమైన వాటితో సహా, తర్వాతి బ్యాచ్ విద్యార్థులకు అందేలా రాసి పెట్టాలి.

ఇంట్లో ఉన్నవారి పని ఇంకా సులువు, అంతే ముఖ్యం కూడా. ఒకసారి వేయించడానికి సరిపడా నూనే పోసుకోండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ సలహా మేరకు ఏ నూనెనూ మూడు సార్లకు మించి కాచకండి. పొగ త్వరగా వస్తున్నా, నురగ తగ్గకపోయినా, జిగటగా తగిలినా ఆ నూనె పని అయిపోయినట్టే. చల్లారాక వడగట్టి మూత గట్టి సీసాలో పోసి, పొడి చోట ఉంచండి. అపార్ట్‌మెంటులో పది ఇళ్లవారు కలిస్తే నెలకు ఒక డబ్బా నిండుతుంది. దాన్ని నమోదైన సేకరణ సంస్థకు గానీ, ఇలాంటి ప్రయత్నం చేస్తున్న కళాశాలకు గానీ ఇవ్వవచ్చు. తక్కువ ధరకు కొని మళ్లీ తిండిలోకి మళ్లించే దళారికి మాత్రం ఇవ్వకండి, రూపాయి ఎక్కువిచ్చినా సరే. చిన్న హోటలు నడిపేవారు రోజూ పారేసే నూనె లెక్క గోడ మీద కనిపించేలా రాస్తే, వచ్చినవారికి ఆ హోటలు మీద నమ్మకం పెరుగుతుంది. ఆ నమ్మకం విలువ నల్ల నూనె అమ్మితే వచ్చే డబ్బుకు మించినది.

ప్రకృతి నుంచి వచ్చినదంతా దానంతటదే మేలు చేస్తుందన్న భావన మనలో బాగా నాటుకుపోయింది. గుడ్డు పెంకు ఆ భావనను సరిదిద్దుతుంది. 900 డిగ్రీల వేడి, తేమ లేని సీసా, ఆమ్లం కొలిచిన నూనె ఉంటేనే అది ఉత్ప్రేరకం, వీటిలో ఒక్కటి తప్పినా వట్టి సున్నపు పొడి. మన చుట్టూ పారేస్తున్న వాటిలో పనికొచ్చే గుణం ఉంది, దాన్ని పనిలోకి తేవడానికి ఓపికా లెక్కా కావాలి. ఆ రెండూ పెట్టగలిగిన వారు ఈ వారమే మొదలుపెట్టవచ్చు. ముందుగా చేయవలసింది వంటింట్లో వాడిన నూనెకు ఒక ప్రత్యేకమైన సీసా పెట్టి, దాని మీద తేదీ రాయడం.